ప్రజోత్పత్తి నామ సంవత్సరపు ఇంటి ధర

ఇంగ్లండులో ప్రతి ఇంటికీ రెండు ధరలుంటాయి. ఒకటి, మీరు ముప్ఫయ్యేళ్ళపాటు నెలనెలా బ్యాంకుకు కట్టుకునే ధర. అది మీకు తెలుసు, బ్యాంకుకు తెలుసు, గుంటూరులో ఉన్న మీ పెదనాన్నకు రూపాయల్లో సహా తెలుసు. రెండోది, అదే ఇంటిని 1991 ఏప్రిల్ 1న అమ్మి ఉంటే ఎంత పలికేదో ఆ ధర. అది ఎవరికీ తెలియదు. అందుకే కాబోలు, ఊరి కౌన్సిల్‌కు కట్టే ఇంటి పన్ను, అంటే కౌన్సిల్ ట్యాక్స్, ఆ రెండోదాన్ని బట్టి వేస్తారు.

ఆ రోజు ఎలాంటిదో సంకల్పం చెప్పుకుందాం. ప్రజోత్పత్తి నామ సంవత్సరం, ఉత్తరాయణం, వసంత ఋతువు, చైత్ర మాసం, కృష్ణ పక్షం, సోమవారం. సోవియట్ యూనియన్ ఇంకా కూలలేదు. ఢిల్లీలో చంద్రశేఖర్ ఆపద్ధర్మ ప్రధాని. ఇవాళ స్లౌలో, రెడింగ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఇల్లు కొనుక్కుని దాని పన్ను తరగతి, అదే బ్యాండ్, గురించి తల పట్టుకుంటున్న మన కుర్రాళ్ళలో సగంమంది అప్పటికి పుట్టలేదు, మిగతా సగం పలక మీద అ ఆలు దిద్దుతున్నారు.

ముహూర్తబలం అక్కడితో ఆగలేదు. ఆ ఏడు ఈస్టర్ ఆదివారం మార్చి 31న వచ్చింది. కాబట్టి ఏప్రిల్ 1 ఈస్టర్ సోమవారం, దేశమంతటా సెలవు. బ్యాంకు తలుపు తీయదు, లాయరు ఫోనెత్తడు, రిజిస్ట్రేషన్ జరగదు. ఇల్లు చేతులు మారడానికి వీల్లేని రోజును ఏరికోరి పట్టుకుని, ఆ రోజు బజారులో మీ ఇల్లు ఎంతకు పోయేదో చెప్పమంటున్నారు. దానికి తోడు అది ఏప్రిల్ ఫూల్స్ డే. ఇంత వ్యంగ్యాన్ని ప్రభుత్వమే సమకూర్చి పెట్టాక ఇంక రాసేవాడికి పనేముంటుంది?

ఆ సెలవురోజు ధర 40 వేల పౌండ్లు దాటకపోతే ఏ బ్యాండ్. 68 వేలు దాటి 88 వేల దాకా అయితే డి. 3 లక్షల 20 వేలు దాటితే హెచ్, ఆ పైన ఇంకేమీ లేదు. లండన్ శివార్లలో ఇవాళ 3 లక్షల 20 వేలకు రెండు పడగ్గదుల ఫ్లాటు దొరికితే సంతోషించాలి. ఈ పట్టిక మొదటిసారి చూసిన మనవాడు, తాను మహారాజుల వరసలో చేరిపోయానని ఒక్క క్షణం మురిసి, బిల్లులో సి అని చూసి నేలకు దిగుతాడు. డి కట్టేదానిలో ఏ కట్టేది తొమ్మిదింట ఆరు వంతులు, హెచ్ కట్టేది రెట్టింపు. అట్టడుగు కొంపకూ ఆకాశహర్మ్యానికీ మధ్య బిల్లులో తేడా మూడు రెట్లే. ధరలో తేడా నూరు రెట్లున్నా సరే.

మరి ఇన్ని ఇళ్ళకు ధర కట్టిందెవరు? ఇళ్ళు కోట్లలో ఉన్నాయి, గడువు తన్నుకొస్తోంది, పన్ను 1993 ఏప్రిల్‌లో మొదలు కావాలి. ప్రభుత్వ మదింపుదారులు చాలక ప్రైవేటు ఏజెంట్లను పెట్టుకున్నారు. కారులో వీధి వెంట పోతూ, అద్దంలోంచి అటొకటి ఇటొకటి చూసి బ్యాండ్ రాసుకున్నారు. దీన్ని ఇక్కడ ఇప్పటికీ ‘సెకండ్ గేర్ వాల్యుయేషన్’ అంటారు. ఒకే మేస్త్రి, ఒకే ఇటుక, ఒకే గోడకు అటూ ఇటూ కట్టిన రెండు సెమీల్లో ఒకటి సి, ఒకటి డి అయి ముప్ఫయ్యేళ్ళు దాటినా అలాగే ఉన్న వీధులున్నాయి. డ్రైవరు ఆ వీధిలో మూడో గేరు వేశాడేమో.

హడావుడిలో తప్పులు దొర్లుతాయి, తర్వాత దిద్దుకోవచ్చు కదా అంటారు మీరు. అక్కడే ఉంది కిటుకు.

ఈ పన్ను భయంలోంచి పుట్టింది. దీనికి ముందు ప్రధాని మార్గరెట్ థాచర్ తలపన్ను తెచ్చింది: స్కాట్లండులో 1989లో, ఇంగ్లండు, వేల్స్‌లలో 1990లో. కోటలో ఉండే ప్రభువుకూ చెత్తబండి తోలేవాడికీ ఒకటే పన్ను. 1990 మార్చి 31న లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్ రణరంగమైంది. ఆ నవంబరుకల్లా ఆమె పదవే పోయింది. తర్వాత వచ్చినవాళ్ళు మంత్రి మైకేల్ హెసెల్టైన్ చేత కౌన్సిల్ ట్యాక్స్ అనే ఈ రాజీ వంటకం వండించారు. అప్పటినుంచి ఇంగ్లండు పాలకులకు ఇంటి పన్ను పేరెత్తితే ట్రఫాల్గర్ స్క్వేర్ కళ్ళముందు కనిపిస్తుంది. 2007లో ఇళ్ళన్నిటికీ కొత్త ధరలు కట్టాల్సి ఉండగా 2005లోనే లేబర్ మంత్రి డేవిడ్ మిలిబాండ్ వాయిదా వేశాడు. 2010లో వచ్చిన కన్సర్వేటివ్ మంత్రి ఎరిక్ పికిల్స్ ఆ ఊసే వద్దన్నాడు. లేబర్ అయినా కన్సర్వేటివ్ అయినా, ఇంత గొప్ప ఏకాభిప్రాయం ఈ దేశంలో ఇంకే విషయం మీదా లేదు. ఇంతలో వేల్స్ మాత్రం సాహసించి, 2003 నాటి ధరలు కట్టి 2005లో అమలు చేసింది. బ్యాండ్ దిగిన ఇళ్ళకంటే ఎక్కిన ఇళ్ళు చాలా ఎక్కువ తేలాయి. ఇంగ్లండు కిటికీలోంచి అది చూసి, తెర దించుకుని పడుకుంది.

పడుకున్నవాళ్ళ లెక్క సాగుతూనే ఉంది. 2012 ఒలింపిక్స్ కోసం స్ట్రాట్‌ఫర్డ్‌లో కట్టిన ఫ్లాట్లకూ 1991 ధరే. అప్పుడక్కడ రైల్వే యార్డులూ ఫ్యాక్టరీ షెడ్లూ తప్ప ఏమీ లేకపోయినా, ఉన్నట్టే భావించి ధర కడతారు. నిరుడు పూర్తయిన ఇంటికీ అంతే. పుట్టనివాడికి చదువు, ఉద్యోగం, కట్నం అన్నీ నిర్ణయించినట్టు.

మొత్తం లెక్క తిరగరాసే గుండె ప్రభుత్వానికి లేదు. కాబట్టి ఏ ఇంటి తప్పును ఆ ఇంటివాడే కనిపెట్టాలి, వాడే నిరూపించాలి, వాడే దిద్దించుకోవాలి. ప్రభుత్వం పిరికితనం పౌరుడికి హోంవర్కు అయింది. దీనికి పెట్టిన పేరు బ్యాండ్ ఛాలెంజ్. ఎవడు ఎవణ్ణి ఛాలెంజ్ చేస్తున్నాడో కాస్త ఆలోచించండి.

హోంవర్కు షరతులు బావుంటాయి. మీరు ఆ ఇంటికి కొత్తగా పన్ను కట్టడం మొదలుపెట్టిన ఆరు నెలల లోపు అడిగితే అది హక్కు. పాలు పొంగించి, ఇంట్లో పొగకు అలారం మోగితే స్టూలెక్కి ఆపి, బాయిలర్ వాడు, బ్రాడ్‌బ్యాండ్ వాడు, స్కూలు అడ్మిషను చూసుకునేసరికి ఆరు నెలలు అయిపోతాయి. ఆ తర్వాత అడిగితే, మామూలుగా అది విన్నపం. సాక్ష్యం గట్టిగా ఉంటే, ఇళ్ళకు ధర కట్టే వాల్యుయేషన్ ఆఫీసు పరిశీలిస్తుంది. కాదంటే ట్రిబ్యునల్‌కు పోయే దారి కూడా ఉండదు. తప్పు చేసినవాడికి ముప్ఫయ్యేళ్ళు దాటినా గడువు తీరదు, పట్టుకున్నవాడికి ఆరు నెలలు.

ఇక సాక్ష్యం. మీ ఇల్లో, మీ ఇంటిలాంటిదో 1989 ఏప్రిల్ 1కీ 1993 మార్చి 31కీ మధ్య ఎంతకు అమ్ముడయిందో చూపమంటారు. ల్యాండ్ రిజిస్ట్రీ వాళ్ళు ఇళ్ళ అమ్మకం ధరలన్నీ ఉచితంగా బయటపెట్టారు కదా, అందులో వెతుకుదాం అనుకుంటాడు అమాయకుడు. ఆ లెక్కలు మొదలయ్యేది 1995 జనవరి నుంచి. పోనీ, ఇప్పటి ధర తీసుకుని, ఇళ్ళ ధరల సూచీ పట్టుకుని వెనక్కి లెక్కగడదామంటే, నేషన్‌వైడ్, రైట్‌మూవ్, జూప్లా సగటు ధరలు సాక్ష్యంగా చెల్లవని ముందే రాసిపెట్టారు. ఆ కాలపు అమ్మకాల రికార్డులు ఎవరి దగ్గరున్నాయయ్యా అంటే, వాల్యుయేషన్ ఆఫీసు దగ్గరే. జవాబుల పుస్తకం తన సొరుగులో పెట్టుకుని, ‘ఊఁ, చెప్పు’ అంటున్నాడు మేష్టారు.

మిగిలిన దారి ఇరుగుపొరుగు. మీ ఇంటిలాంటివే, అంత వయసువే, అంత విస్తీర్ణంవే, అదే వీధిలోవి అయిదిళ్ళ దాకా చూపించి, ‘వాళ్ళకు సి వేసి నాకు డి ఎందుకు?’ అని అడగాలి. మనవాళ్ళు జీతం అడుగుతారు, వీసా అడుగుతారు, పెళ్ళయి రెండేళ్ళయిందిగా ఇంకా ఏమీ లేదా అని కూడా అడుగుతారు. బ్యాండ్ మాత్రం అడగక్కర్లేదు. ప్రభుత్వ వెబ్‌సైట్లో పోస్ట్‌కోడ్ కొడితే వీధి మొత్తం బ్యాండ్లు వరసగా వచ్చేస్తాయి.

‘అన్నా, మన లైనులో అందరూ సి, మీరొక్కరే డి. చూసుకున్నారా?’

‘చూశాన్రా. పెట్టేద్దామంటావా?’

‘పెట్టండన్నా. కానీ మా డోర్ నంబరు మాత్రం రాయకండి.’

తమ్ముడి జాగ్రత్తకు కారణం ఉంది. మీ ఫిర్యాదు చదివిన ఆఫీసరు, ‘నిజమే, తేడా ఉంది. కానీ మీది డి సరైనదే, సి వేసిన ఆ అయిదూ తప్పు’ అని తేల్చవచ్చు. మీ అర్జీ పుణ్యమా అని అయిదిళ్ళ బ్యాండ్ ఎక్కవచ్చు. లేదా మీదే డి నుంచి ఇ కావచ్చు. దాంతో బతుకమ్మకు చీరలు ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళ మధ్య మాటలాగిపోతాయి. డబ్బు విషయాల్లో ఈ దేశానికి పెద్దన్నలా వ్యవహరించే మార్టిన్ లూయిస్, 2007 నుంచి టీవీలో ఇదే చెబుతున్నాడు: పొరుగువాళ్ళ బ్యాండూ చూడండి, 1991 ధర అంచనా కూడా వేయండి, రెండూ కలిస్తేనే కదలండి. నిజానికి మంచి సలహానే. చట్టం చెప్పాల్సిన మాట టీవీ యాంకరు చెప్పాల్సి రావడం ఒక్కటే లోటు. న్యాయం చెప్పుకోవాలంటే, తప్పు పెద్ద బ్యాండ్ అని తేలితే అదనంగా కట్టినదంతా మీరు ఆ ఇంట్లో చేరిన నాటినుంచీ, కొందరికయితే 1993 నుంచీ వెనక్కిస్తారు. ఇదంతా ఉచితం. ఉచితమైన పనికి వాటా అడిగే కంపెనీలు ఫోన్లు చేస్తుంటాయి. వాటికి మన ఊళ్ళో దళారి అనే పేరుంది, ఇక్కడ కన్సల్టెంట్ అంటారు.

ఎక్స్‌టెన్షన్ల సంగతి ఇంకా వినోదం. పాత యజమాని లాఫ్ట్ లేపి, వెనక గది పెంచి, పదేళ్ళు హాయిగా పాత బ్యాండ్ మీదే గడుపుతాడు. ఇల్లు అమ్మగానే బ్యాండ్ పెంచుతారు. గది కట్టుకున్నవాడికి సుఖం, కొనుక్కున్నవాడికి చీటీ. అమ్మానాన్న వస్తారని గ్యారేజీని గదిగా మార్చి, స్నానాల గది పెట్టి, అమ్మ పప్పుచారుకు వేరే పొయ్యీ సింకూ బిగించారో, దాన్ని విడి ఇల్లుగా చూసి విడి బ్యాండ్ వేయవచ్చు. మీ మీద ఆధారపడ్డ 65 దాటిన తల్లిదండ్రులు అందులో కాపురముంటే మినహాయింపు ఉంది. ఆరోగ్యంగా ఉన్న అరవై మూడేళ్ళ అత్తగారికి సగం తగ్గింపే. అత్తగారి వయసు తేల్చే పని కూడా అల్లుడి మీద పడుతుంది.

ఇంత యాగీ చేసి డి నుంచి సికి దిగినా, బ్యాండుకు ఎన్ని పౌండ్లో చెప్పేది మీ కౌన్సిల్. 2024-25లో ఇంగ్లండు మొత్తం మీద డి బ్యాండ్ సగటు బిల్లు 2,171 పౌండ్లు. అదే ఏడు లండన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో హెచ్ బ్యాండ్, అంటే పట్టికలో ఆఖరి మెట్టు, 2 వేల పౌండ్లు కూడా కాలేదు. బకింగ్‌హామ్ ప్యాలెస్ ఉన్నది ఆ కౌన్సిల్‌లోనే. హార్టిల్‌పూల్‌లో మూడు పడగ్గదుల సెమీలో ఉంటూ ఛాలెంజ్ ఫారం నింపుతున్న నర్సు, తన ఇంటిని ఎవరితో పోల్చాలో తెలియక పెన్ను కొరుక్కుంటుంది. రాజుగారిల్లు వేరే కౌన్సిల్‌లో ఉంది కాబట్టి పోలిక చెల్లదు.

మన దగ్గరి పన్నులేమీ ధర్మరాజు తీర్పులు కావు. హైదరాబాదులో అద్దె విలువ లెక్క, ఆంధ్రలో 2021 నుంచి మూలధన విలువ లెక్క, రెండిటికీ తిట్లు సమానంగానే పడుతున్నాయి. కానీ మున్సిపాలిటీ బిల్ కలెక్టరు ఎవరూ ఇంతవరకు ‘మీ ఇల్లు పి.వి. ప్రమాణస్వీకారానికి ముందు ఎంత చేసేదండీ?’ అని గుమ్మంలో నిలబడి అడగలేదు.

ఇప్పుడొక కొత్త ముచ్చట. 2025 నవంబరు బడ్జెట్లో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్, 20 లక్షల పౌండ్లు దాటిన ఇళ్ళ మీద 2028 ఏప్రిల్ నుంచి 2,500 మొదలు 7,500 దాకా అదనపు పన్ను ప్రకటించింది. ఇందుకోసం ఆ ఇళ్ళకు కొత్తగా ధర కడతారు. 1991ది కాదు, ఇప్పటిది. అంటే ఇప్పటి ధర కట్టడం ఈ ఆఫీసుకు రాని విద్యేమీ కాదన్నమాట. ఆ ఇళ్ళు నూటికి ఒకటి కూడా ఉండవు కాబట్టి ధైర్యం వచ్చింది. మిగిలిన తొంభై తొమ్మిది ఇళ్ళకూ ఓట్లున్నాయి కాబట్టి వాటికి ఆ సెలవు సోమవారమే గతి.

సరే, ఫారం నింపారు, పంపారు. పరిశీలనకు నెలలు పడుతుంది. ఈలోగా ‘తేలాక కడతాలే’ అని డైరెక్ట్ డెబిట్ ఆపకండి. పాత బ్యాండ్ మీదే కడుతూ ఉండాలి. ఆపితే రిమైండరు, తర్వాత కోర్టు ఆర్డరు, తర్వాత జప్తువాళ్ళు. చివరికి మొండికేసినవాడికి 90 రోజుల దాకా జైలు. వేల్స్ 2019లో ఈ శిక్షను ఎత్తేసింది, ఇంగ్లండు అట్టే పెట్టుకుంది. జైల్లో ఉన్నవాళ్ళను మామూలుగా కౌన్సిల్ ట్యాక్స్ లెక్కలోంచి మినహాయిస్తారు. కౌన్సిల్ ట్యాక్స్ కట్టక జైలుకెళ్ళినవాళ్ళకు మాత్రం ఆ మినహాయింపు లేదు.