పక్కింటి పార్టీ చూపించొద్దు

రంగస్థలం మీద నవ్వించిన నాటకం టీవీకి ఎక్కుతోందంటే చాలు, దాన్ని కాస్త బయట గాలికి తిప్పమని సలహాలు మొదలవుతాయి. అంతసేపూ ఒకే గదా, ఓ వీధి, ఓ కారు, కనీసం ఓ పార్కు ఉండొద్దూ అని. అక్కర్లేదనడానికి 'ఆబిగైల్స్ పార్టీ' ఒక్కటి చాలు. 1977లో లండన్ హ్యాంప్‌స్టెడ్ థియేటర్లో మైక్ లీ ఆడించిన నాటకం అది. బెవర్లీ వేషం కట్టిన ఆలిసన్ స్టెడ్‌మన్ గర్భవతి కావడంతో పెద్ద థియేటర్‌కి మార్చి నెలల తరబడి ఆడించే వీలు లేకపోయింది. దాంతో బీబీసీ స్టూడియోలో చిత్రీకరించి ఆ నవంబరులోనే ప్రసారం చేశారు. కథ గడప దాటలేదు.

బెవర్లీ ఇరుగుపొరుగును డ్రింక్స్‌కి పిలిచింది. పక్కింట్లో పదిహేనేళ్ల ఆబిగైల్ పార్టీ చేసుకుంటుంటే, వాళ్లమ్మ సూసన్ ఇక్కడ బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆవిడ వద్దనేకొద్దీ గ్లాసు నిండుతుంది. (విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే మనవాళ్లకు బెవర్లీని పరిచయం చెయ్యక్కర్లేదు.) సూసన్ తెచ్చిన రెడ్ వైన్ తిన్నగా ఫ్రిజ్‌లోకి పోతుంది. ఆబిగైల్ మాత్రం ఒక్కసారీ కనిపించదు. పిల్లలేం చేస్తున్నారో చూసి రమ్మని మగవాళ్లను పంపితే, అతిథుల్లో ఒకడైన టోనీ తడిసిన చొక్కాతో తిరిగొస్తాడు, ఏమైందో చెప్పడు. గాలికి తిప్పే దర్శకుడైతే కెమెరాను అతని వెనకే తోలి, నీళ్లు కుమ్మరించిందెవరో చూపించి, ఉన్న నవ్వంతా అక్కడే ఖర్చుపెట్టేవాడు. అలా చెయ్యలేదు కనకే సూసన్‌కి తెలిసిందే మనకూ తెలుసు: చొక్కా తడిసింది. పైగా మనమూ మన హాల్లో సోఫాలోనే ఉంటాం. టీవీ కట్టేసుకునే సదుపాయం ఒక్కటే ఎక్కువ.

చిత్రీకరణ నాసిగా ఉందంటారు. నిజమే, మైకు నీడలు కనిపిస్తాయి, మైక్ లీకే అది నచ్చలేదు. కానీ చదవడానికి కాక అలమరలో చూపించడానికే తోలు అట్టల షేక్‌స్పియర్ కొన్న ఇంట్లో నీడలు చూసేదెవరు? నాటక రచయిత డెనిస్ పాటర్ అభ్యంతరం ఇంకా గట్టిది: ఇది కింది మధ్యతరగతిని వెక్కిరించడమేనని. వెక్కిరింతేనా అన్నది చివరి నిమిషాల్లో తేలుతుంది. బెవర్లీ భర్త లారెన్స్ గుండెపోటుతో కూలబడతాడు. అందాకా అందరికీ లోకువైన టోనీ భార్య ఆంజెలా నర్సు. ఏం చెయ్యాలో ఆ గదిలో తెలిసింది ఆమెకే. అతనికి ఊపిరి పోస్తూ పోస్తూ తన కాలే పట్టేసి కేకలు పెడుతుంది. నవ్వూ ఆగదు, నవ్వుతున్నందుకు సిగ్గూ ఆగదు. అప్పుడైనా కెమెరా బయటికి పోయి అంబులెన్సును చూపిస్తే బాగుండునని మనకే అనిపిస్తుంది, అది కదలదు.