సెల్ఫ్ సూత్రము: జంపర్ వ్యాఖ్యాసహితము

మూలము

“ఒక్క టక్కే అంటుందా? అయితె బ్యాటరీ గాదు సార్. లైట్లెయ్యుర్రి. సెల్ఫ్ మీద మెల్లగ రెండేయుర్రి. లేవకుంటె అర్తు జూడుర్రి. ఏం గాకుంటె సెకండ్ల నూకుర్రి.”

అవతారిక

జగిత్యాల నుంచి సిరిసిల్లకు వేములవాడ మీదుగా సూటి దారి ఉండగా పెళ్లికి బయల్దేరిన మేము కోరుట్ల ఎందుకు తిరిగామని పాఠకుడికి శంక కలగవచ్చు. పెళ్లి సిరిసిల్లలో, మేనత్త కోరుట్లలో. అత్తను వదిలేసి పోయే దారిని మా వంశంలో ఎవరూ దారి అనరు. బండి 1984 నాటి అంబాసిడర్, మార్క్ 4. బెంగాల్లోని ఉత్తరపారాలో పుట్టి, మా నాయిన చేతిలో టాక్సీ అయి, కొండగట్టుకూ ధర్మపురికీ వేములవాడకూ మొక్కులవాళ్లను ఏండ్ల తరబడి మోసింది. దీన్ని వింటేజ్ అని పిలవడానికి వీల్లేదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏండ్లు దాటితేనే ఆ మర్యాద. అందాక, అంటే 2034 దాకా, మాది ఉత్త పాత బండే.

అత్త ఇంటి ముందు ఆపాము. చాయ్ తాగాము. తాళం తిప్పితే టక్కుమంది. మళ్లీ తిప్పితే మళ్లీ టక్కు. అంతే. కాసేపటికే వాడంతా వ్యాఖ్యాతలతో నిండింది. ఒకరు బ్యాటరీ మార్చమన్నారు. ఒకరు పెట్రోలులో నీళ్లు కలిశాయన్నారు. ఒక పెద్దమనిషి బానెట్ ఎత్తకముందే బండి అమ్ముకోమన్నాడు. మెదక్ దిక్కు కొల్చారంవాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు టీక రాస్తూ, ఆ కవి వాక్కు చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే తన టీకకు సంజీవని అని పేరు పెట్టాననీ చెప్పుకున్నాడు. మా బండిదీ అదే అవస్థ. హనుమంతుడు మోసుకుపోతుంటే ఆ సంజీవని కొండలోంచే ఒక ముక్క రాలి కొండగట్టయిందని మా దిక్కు చెప్పుకుంటారు గనుక ఆ పేరు మీద మాకు కొంత హక్కున్నా, మల్లినాథుడు ముందే వాడుకున్నాడు. అందుకని ఈ టీకకు జంపర్ అని పేరు. ఎందుకన్నది అర్తు దగ్గర తేలుతుంది.

జగిత్యాల ఖిల్లా దిక్కు షెడ్డులో ఉండే ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే వెలువడినవి పై వాక్యాలు. కనుక ఈ సూత్రానికి ఋషి ఉస్తాద్. ఛందస్సు లేదు. సిగ్నల్ మధ్యలో తెగిపోయింది కాబట్టి యతి మాత్రం ఉంది. ముహూర్తంలోగా సిరిసిల్ల చేరడానికి వినియోగం.

టీక

ఒక్క టక్కే: ఇది ధ్వన్యనుకరణమని తేల్చేసి ముందుకు పోయేవాడు టీకాకారుడు కాడు. కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు ఆనందవర్ధనుడు. పాత బండికి కూడా అంతే. తాళం తిప్పగానే సన్నని తీగలో కరెంటు పోయి, మోటరుకు పెద్ద కరెంటు వదిలే స్విచ్చయిన సోలెనాయిడ్‌ను లాగుతుంది. లోపల రాగి ముక్క వచ్చి రెండు బోల్టులకు తగులుతుంది. ఆ తగిలిన చప్పుడే టక్కు. అది వాచ్యార్థం. వ్యంగ్యార్థం ఏమనగా, సోలెనాయిడ్ తన పని తాను చేసింది, ఆ తరువాత జరగవలసింది జరగలేదు. ‘ఏ’ అన్నది అవధారణార్థకం. ఒకటే, రెండు కాదు అని భావం. ఏలయనగా, టకటకటక అని మిషనుకుట్టినట్టు వరసగా అంటే రోగం వేరు. బ్యాటరీలో సత్తువ లేనప్పుడు సోలెనాయిడ్ లాగుతుంది, మోటరు కరెంటు అడగగానే వోల్టేజి పడిపోతుంది, పట్టు వదిలేస్తుంది, మోటరు భారం తొలగగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఆ పట్టూవిడుపుల చప్పుడు అది. అసలు చప్పుడే లేకపోతే తాళం దగ్గరో బ్యాటరీ టెర్మినల్ దగ్గరో తీగ తెగినట్టు. మోటరు ఉత్తగా ర్ర్ర్‌మని తిరిగి ఇంజన్ కదలకపోతే బెండిక్స్ పళ్లచక్రం ఇంజన్‌ను పట్టలేదు. సిరిసిల్లలో మరమగ్గం పక్కన పెరిగినవాళ్లకు ఇంత వివరం అక్కరలేదు. నాడె చప్పుడులో లయ తప్పితే చాలు, కన్ను పోయేలోపే చెయ్యి మగ్గం మీదికి పోతుంది.

బ్యాటరీ గాదు: ఇది నిషేధ వాక్యం. ఇక్కడ పూర్వపక్షం బలంగా ఉంది. “ఏది చెడినా ముందు బ్యాటరీ మార్చాలి” అని కొత్త బ్యాటరీ అమ్మేవారి మతం. మీటరు పెట్టి చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కు కిందికి దిగకూడదు. మా దగ్గర మీటరు లేదు. అందుకే తరువాతి పదం.

లైట్లెయ్యుర్రి: పట్టపగలు లైట్లెందుకని శంక. వెలుతురు కోసం కాదు, సాక్ష్యం కోసం. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టాలి. లైట్లు చచ్చిపోతే బ్యాటరీగానీ దాని టెర్మినళ్లుగానీ పోయినట్టు. బాగా మసకబారితే బ్యాటరీ బలహీనం, లేదా మోటరు ఎక్కడో బిగుసుకొని కరెంటు ఊరికే తాగుతున్నట్టు. లైట్లు చెక్కుచెదరకుంటే కరెంటు మోటరుదాకా పోవడమో, పోయింది తిరిగిరావడమో జరగడం లేదన్నమాట. అత్తను బండి ముందు నిలబెట్టి చూడమన్నాను. “వెలుగుతున్నయి గదరా, మునుపటి లెక్కనే,” అన్నది. బ్యాటరీ వాదం అంతటితో ఖండింపబడింది. ఆ పక్షంవారు మాత్రం అక్కడినుంచి కదల్లేదు.

సెల్ఫ్ మీద: సెల్ఫ్ అనగా స్టార్టర్ మోటరు. ఇది మన మెకానిక్కుల నిఘంటువు. ఇంగ్లీషువాడి ‘సెల్ఫ్ స్టార్టర్’లో రెండో మాట ఊడగొట్టి మొదటిదాన్ని మిగుల్చుకున్నారు. దాని వల్ల “సెల్ఫ్ పోయింది”, “సెల్ఫ్ విప్పి కడుగుతున్నా”, “సెల్ఫ్ కాలిపోయింది” లాంటి వేదాంత వాక్యాలు రోజూ షెడ్డుల్లో వినబడుతుంటాయి. ఆత్మను శస్త్రాలు ఛేదించవు, అగ్ని దహించదు అని నమ్మినవాళ్లు ఒకసారి వైండింగ్ షాపుకు పోయి చూడాలి. చార్లెస్ కెటరింగ్ చేసిన ఈ పరికరం 1912 కాడిలాక్‌లో వచ్చేదాకా బండ్లకు హ్యాండిలే గతి. హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్లు విరిగిన కాలమది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వెయ్యకూడదు, మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి అని మా నాయిన చెప్పేవాడు. ఆ హ్యాండిల్‌ను డిక్కీలోంచి తీసేసి ఇంట్లో పెట్టింది నేనే.

మెల్లగ రెండేయుర్రి: దేనితో వెయ్యాలో మూలం చెప్పదు. ‘గట్టిగ రెండేయుర్రి’ అని వాడలో ఒక పాఠాంతరం పుట్టింది, ఆ పాఠాన్ని నమ్మినాయన సుత్తె కూడా తెచ్చాడు. అది ప్రక్షిప్తం. మోటరు లోపల కార్బన్ బ్రష్షులు అరిగి, మసి పట్టి, తమ గూటిలో ఇరుక్కుంటే ఆర్మేచర్‌కు తగలవు. పైనుంచి కర్రతో తడితే కదిలి తగులుతాయి. అంతకుమించి దెబ్బకు ప్రయోజనం లేదు. కొత్త బండ్ల మోటర్లలో చాలావాటికి వైండింగ్ బదులు అయస్కాంతాలుంటాయి, సుత్తె తగిలితే పగులుతాయి. మాది పాతది గనుక ప్రాణభయం లేకుండా పారకట్టెతో రెండేశాను. తాళం తిప్పితే టక్కు.

ఇక్కడ మూలంలో లేని ఒక సంగతి చెప్పాలి. ఆధారం లేనిది రాయనని మల్లినాథుడు మాట ఇచ్చాడు, నేను ఇవ్వలేదు. మా సెల్ఫ్ పాత రకం. మోటరు గిర్రున తిరగ్గానే బెండిక్స్ పళ్లచక్రం మరచుట్ల మీద జారి ఫ్లైవీల్ పళ్లను పడుతుంది. ఒక్కోసారి పన్ను పన్ను కరుచుకుని వదలవు, అప్పుడూ టక్కే. దానికోసమే ఈ మోటర్ల వెనుక చిన్న రేకు టోపీ ఉంటుంది. అది తీస్తే ఇరుసు కొస నాలుగు పలకలుగా కనిపిస్తుంది, స్పానర్ పెట్టి తిప్పితే పళ్లు విడిపోతాయి. టోపీ తీసి మడ్‌గార్డ్ మీద పెట్టి తిప్పాను. సాఫీగా తిరిగింది. పళ్లు పట్టుకోలేదన్నమాట. (బెండిక్స్‌కు ఆయిల్ వెయ్యకండి. క్లచ్ దుమ్ము అంటుకుని అదే ఇరుక్కుంటుంది. కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టడమే.)

అర్తు జూడుర్రి: సూత్రానికి ఇదే ప్రాణం. అర్తు అనగా ఎర్త్, అనగా భూమి. అయితే బండి అర్తుకు నేలతో సంబంధం లేదు, రబ్బరు టైర్ల మీద నిలబడ్డ వస్తువుకు నేల ఎక్కడిది? కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారికి అర్తు అని పేరు. బ్యాటరీ ఒక కొస బాడీకి కట్టి ఉంటుంది. ఇంజనేమో రబ్బరు దిండ్ల మీద కూర్చుంటుంది, బాడీకి తగలదు. రెంటికీ నడుమ అల్లిన రాగి పట్టీ ఒకటుంటుంది. మోటరు మింగిన కరెంటంతా దాని మీదుగానే తిరిగిరావాలి. లైటు ఒక్కటి తీసుకునేది నాలుగైదు ఆంపియర్లు, సెల్ఫ్ అడిగేది 200 దాకా. ఆ పట్టీ బోల్టు దగ్గర ఓమ్‌లో నూరో వంతు అడ్డం పడినా 200 ఆంపియర్లకు 2 వోల్టులు అక్కడే తగలబడతాయి. మా సోలెనాయిడ్ బాడీకి బిగించి ఉంది, లైట్లూ అంతే. అందుకే అవి రెండూ బాగున్నాయి, ఇంజన్‌కు కట్టిన మోటరు మాత్రం ఎండింది.

ఈ అర్థాన్ని నాకంటే ముందు పట్టింది అత్త. “ఏందిరా, కమురు వాసనత్తంది?” అన్నది. చూస్తే చోక్ తీగ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. అసలు దారి మూసుకుపోతే కరెంటు దొరికిన సందులోంచి వస్తుంది. ఇంజన్నూ బాడీనీ కలిపే లోహం ఇంకేముంది, చోక్ తీగ తప్ప?

ట్రాలీ ఆటో పిలగాడొకడు తన బ్యాటరీ నుంచి కరెంటిద్దామని జంపర్ కేబుల్ పట్టుకుని అప్పటికే పక్కన నిలబడ్డాడు. బ్యాటరీ పక్షం కుర్రాడే. అతని కేబుల్లో ఒక తీగ తీసుకుని, ఒక కొస మా బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఇంజన్ ఇనుముకు పట్టించి తాళం తిప్పాను. లేచింది! పేరుకు కారణమిదే.

పట్టీ విప్పి చూస్తే అడుగున నిగనిగలాడే తెల్ల రంగు. పోయిన నెల పెళ్లికని బండికి రంగు వేయించాను. పట్టీ కూర్చునే చోటు గీకించాలని నాకు తోచలేదు. అత్త చాటలో తునికాకుల మీద ఉన్న బీడీల కత్తెర అడిగి గీకాను.

సెకండ్ల నూకుర్రి: సెకండ్ల అనగా రెండో గేరులో. క్లచ్ తొక్కి, తాళం వేసి, బండి ఊపందుకోగానే క్లచ్ వదలాలి. ‘ర్రి’ అన్న ప్రత్యయాన్ని గమనించాలి. లైట్లెయ్యుర్రి, రెండేయుర్రి, జూడుర్రి అన్న చోట్ల అది గౌరవార్థంలో బహువచనం, చేసేది నేనొక్కణ్నే. నూకుర్రి దగ్గర మాత్రం నిజంగా బహువచనం. టన్ను దాటిన బండిని ఒక్కడు నూకి ఊపందించడం కష్టం. ఋషి దీన్ని చివర పెట్టడం కూడా అందుకే కావచ్చు, మనుషులు పోగయ్యేదాకా ఆగాలి గదా. వాళ్లు మొదటినుంచీ ఉన్నారు, అది వేరే విషయం. అవసరం పడలేదు గనుక ఈ పదానికి ప్రయోగం చూపలేకపోతున్నాను.

ఒక ఆక్షేపం మాత్రం ఉంది. పైసా ఖర్చు లేని అర్తును ఋషి దెబ్బల తరువాత ఎందుకు చెప్పాడు? కొట్టడానికి కట్టె చాలు, అర్తుకు స్పానర్ కావాలి గనుక అని సమర్థించవచ్చు. నాకు నచ్చలేదు. నా మటుకు అర్తే ముందు.

తాత్పర్యము

రంగు గీకినం, బండి లేచింది.

విశేషము

కథలాపూర్, రుద్రంగి మీదుగా పోయి సిరిసిల్ల చేరేసరికి తలంబ్రాలయిపోయాయి, బంతి మాత్రం దొరికింది. అత్త కత్తెర అంచు పోయింది, కొత్తది కొనివ్వాలి. మడ్‌గార్డ్ మీద పెట్టిన రేకు టోపీ అక్కడే మరిచి బండి తోలాను. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, ఒక పక్క సొట్ట ఉంటుంది. కోరుట్ల, వేములవాడ మధ్య ఆ దారిన పోయేవాళ్లకు ఎవరికైనా కనబడితే జగిత్యాల ఖిల్లా దిక్కు ఏ షెడ్డులో ఇచ్చినా నాకు చేరుతుంది.