అద్దె నవల

ఇంగ్లీషు నవల ఎలా ఎదిగిందని ఏ ఆచార్యుణ్ణి అడిగినా వ్యక్తివాదం, మధ్యతరగతి, వాస్తవికత అని మూడు మంత్రాలు చదివి అక్షింతలు చల్లి పంపేస్తాడు. అద్దె మాట మాత్రం ఎత్తడు.

రచయిత గోల్డ్‌స్మిత్ గది అద్దె ఎగ్గొడితే ఇంటావిడ ఆయన్ని పట్టించింది. కబురందిన మిత్రుడు జాన్సన్ ముందు ఒక గినీ పంపి, వెనకే తనూ వచ్చాడు. చూస్తే ఏముంది, ఆ గినీ అప్పుడే మదీరా సీసాగా మారి బల్ల మీద కూర్చుంది! సీసాకు బిరడా బిగించి, గోల్డ్‌స్మిత్ నవల రాతప్రతి చంకన పెట్టుకెళ్లి 60 పౌన్లకు అమ్మి అద్దె తీర్పించాడు. 1766లో అచ్చయిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' అదే. కందుకూరి వారి 'రాజశేఖర చరిత్రము'కు ప్రేరణ కూడా అదే కనుక ఆ గయ్యాళి తల్లికి తెలుగువాళ్లమూ ఒక దండం బాకీ.

తర్వాత రాసేవాడి అద్దె పోయి చదివేవాడి అద్దె వచ్చింది. మూడు సంపుటాల నవల ఖరీదు ముప్పై ఒకటిన్నర షిల్లింగులు. పుస్తకాలు అద్దెకిచ్చే మ్యూడీ గారి లైబ్రరీలో ఏడాది చందా ఒక గినీ, అంటే 21 షిల్లింగులు. కొనేంత వెర్రివాడెవడు? విడతకో సంపుటమే ఇస్తారు కనుక ఒకే నవల ముగ్గురికి తిరుగుతుంది. వ్యాపారి లెక్క అది. కథ ఒకటిన్నర సంపుటాలకే ఊపిరి వదిలితే తుఫాను రావాలి, ఉత్తరం తప్పిపోవాలి, వీలునామా దొరకాలి. పెళ్లి ఎలాగూ చివరి సంపుటంలోనే. ఈ సాగదీతకే మనవాళ్లు 'విక్టోరియన్ విస్తృతి' అని పట్టాభిషేకం చేశారు.

పైగా మ్యూడీ గారు పరమ నిష్ఠాపరులు. ఇంట్లో ఆడపిల్ల చదవకూడనిదంటే అలమరలోకి రానివ్వరు. ఆయన మడికట్టుకుంటే ఇంగ్లండు నవలంతా మడికట్టుకుంది. నవలాకారుడు జార్జ్ మూర్ ఒళ్లు మండి 1885లో తన నవలను ఒకే సంపుటంగా ఆరు షిల్లింగులకు వేయించి, మ్యూడీని ఎండగడుతూ కరపత్రమూ వదిలాడు.

సరే, ఆ మూడు సంపుటాల రూపాన్ని కూల్చింది విమర్శకులా? మూరా? కాదు. చవక ప్రతులు త్వరగా వచ్చేసి తమ పాత సరుకు అమ్ముడుపోవడం లేదని 1894లో మ్యూడీ, స్మిత్ లైబ్రరీలు సంపుటానికి నాలుగు షిల్లింగులు మించి ఇచ్చేది లేదన్నాయి. ఆ ఏడు మూడు సంపుటాల నవలలు 184 వచ్చాయి. 1897లో నాలుగు.