మగపిల్లలు కాస్త లేటండీ!

మన పిల్లల వైద్యంలో అన్నిటికన్నా చవకైన మందు ఒకటుంది. 'మగపిల్లలు కాస్త లేటండీ, వాడే పరిగెడతాడు లెండి' అన్న మాట. అమ్మ బెంగ తగ్గుతుంది, నాయనమ్మ 'నే చెప్పలా?' అంటుంది, బయట వరసలో ఉన్న తర్వాతి పిల్లాడు లోపలికొస్తాడు. అందరికీ గుణం కనిపిస్తుంది, ఆ పిల్లాడికి తప్ప.

కండరాలు క్రమంగా క్షీణించే డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే జన్యు జబ్బు ఉన్న పిల్లాడికి ఈ మందు ఏళ్ల తరబడి వాడతారు. రెండు మూడేళ్లకే లక్షణాలు కనిపించినా, జబ్బు పేరు తేలేసరికి ఐదేళ్లు నిండటం మామూలు. పోనీ, అంత గుట్టుగా వచ్చే జబ్బా? పిల్లాణ్ణి నేలమీద కూర్చోబెట్టి లేవమనండి. ముందు బోర్లా తిరుగుతాడు. చేతులు నేలకానించి నడుం పైకెత్తుతాడు. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకోటి తొడ మీద వేసి, తన ఒంటిమీదే తాను ఎగబాకుతూ నిలబడతాడు. గోవర్స్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1879లోనే దీన్ని రాసిపెట్టాడు. చూడటానికి స్కానింగు అక్కర్లేదు, చాప చాలు. కానీ మన క్లినిక్కులో పిల్లాడు అమ్మ ఒళ్లో వచ్చి అమ్మ ఒళ్లోనే వెళ్లిపోతాడు.

పిక్కలు లావెక్కితే ఇంట్లో సంబరం: 'పహిల్వాన్ కాళ్లు!' కండ పోయి కొవ్వు చేరిన పిక్కలకు దిష్టి తీసే నాయనమ్మనేం అనగలం, అవే పిక్కలు నొక్కి చూసి కాల్షియం సిరప్ రాసినవాళ్లుండగా?

ఇంతకన్నా ముచ్చటైన మజిలీ లివర్. ఎప్పుడో జ్వరానికి చేసిన రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు పెరిగి కనిపిస్తాయి. కండరం దెబ్బతిన్నా ఈ రెండూ పెరుగుతాయని వైద్య విద్యార్థికి కూడా తెలుసు. అయినా రిపోర్టు మీద 'లివర్ ఫంక్షన్' అని అచ్చేశారు కదా, ఇక దానికి బెయిలెక్కడిది? పొట్ట స్కానింగు, కామెర్ల పరీక్షలు, ఊళ్లో పసరుమందు, పథ్యం. కొందరికి లివర్ ముక్క తీసి చూడటం దాకా వెళ్తుంది. కండరం దెబ్బతిన్నదేమో చెప్పే సీపీకే అని ఓ మామూలు రక్తపరీక్ష ఉంది, కొన్ని వందల రూపాయలతో అయిపోతుంది. రెండు వందలకు అటూ ఇటూ ఉండాల్సిన అంకె ఈ పిల్లల్లో వేలల్లో ఉంటుంది. అది రాయడానికి మాత్రం కలం కదలదు.

తీరా అనుమానమొచ్చాక మొదటి ప్రశ్న, 'మేనరికమా?' కాదనగానే జన్యులోపం మాట పక్కకు పోతుంది. ఈ లోపం ఉండేది ఎక్స్ క్రోమోజోములో. చాలావరకు తల్లి నుంచి వస్తుంది, కొన్నిసార్లు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. మేనమామను చేసుకున్నా, అమెరికా సంబంధం చేసుకున్నా దానికి ఒకటే. నిజానికి మేనమామల గురించి అడగాల్సింది వేరే: 'మీ అన్నదమ్ముల్లో ఎవరికైనా చిన్నప్పుడే నడక పోయిందా, అమ్మా?'

స్టెరాయిడ్లు వేళకు మొదలైతే నడక ఇంకొన్నేళ్లు నిలుస్తుంది. జన్యు పరీక్షలకు విదేశాలకు పోనక్కర్లేదు, హైదరాబాద్‌లోనే చేస్తారు. ఈలోగా పెద్దాడు పరిగెడతాడన్న భరోసాతో ఆ తల్లి రెండోసారి కడుపుతో ఉంది. ఆమె ఆ లోపాన్ని మోస్తున్న క్యారియర్ అయితే పుట్టే ప్రతి కొడుక్కీ సగానికి సగం ముప్పు. గర్భంలోనే పరీక్షించే వీలుంది. అయితే ఏ జబ్బుకని పరీక్షిస్తారు? పెద్దాడి చీటీలో ఉన్నది కాల్షియం, లివర్ టానిక్కూను.