నాలుగు కంతలు

నేను జడ్డిగాన్ని. గొర్రు నెత్తిన కూర్చునే చెక్క గిన్నెను. అడుగున నాలుగు కంతలు, ఒక్కో కంత కింద వెదురు గొట్టం. గిద్దలూరు వైపు వడ్రంగి ఒకాయన నన్ను తొలిచిన నాటికి ఆ తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. 1970లో కొత్త జిల్లాలో కలిసింది.

కార్తీకంలో వాన వెలిసి నల్లరేగడి పదునుకొచ్చిందంటే నన్ను దూలం మీంచి దించేవాళ్లు. "పిడికిలి బిగించమాకమ్మా, వేళ్ల సందున జారనియ్యి" అని అత్త కోడలికి చెప్పేది. గుప్పెడూ ఒక్కసారే గుమ్మరిస్తే ఒక కంత మింగేస్తుంది, పక్క సాలు బోడిగా మిగులుతుంది. మొలకలొచ్చాక ఆ తప్పు ఊరంతా చూస్తుంది.

శనగల్లో మొదట నాలో పడింది అన్నిగేరి. కర్ణాటకలోని తన ఊరి పేరు మోసుకొచ్చిన పప్పుశనగ. నా కంతలు దానికి కొలిచినట్టుండేవి. ఎండు తెగులు తగిలితే మాత్రం సాళ్లకు సాళ్లు తలవాల్చేవి.

తర్వాత జేజీ-11. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరు ఇక్రిశాట్ కలిసి తెచ్చిన రకం, 1999లో విడుదలైంది. దాని గొప్ప దాని తొందరలోనే ఉందంటాను. ఇక్కడ విత్తాక మళ్లీ తడి ఉండదు. నేల కడుపులో దాగినదీ, పైన కురిసే మంచూ, అంతే. సంక్రాంతి దాటితే రేగడి నెర్రెలిస్తుంది. జేజీ నూరు రోజుల్లోపే కాయ నింపుకుని గట్టెక్కుతుంది, ఎండు తెగులునూ తట్టుకుంటుంది. ఆలస్యపు రకం పక్క మడిలో ఇంకా ఏపుగా, పచ్చగా కనిపిస్తుంది. కాయ విప్పితే పొల్లు. ఆ ఏపు చూసి మురిసినవాడు కళ్లంలో నోరు మెదపడు.

కాక్-2 అకోలా నుంచి దిగిన కాబూలీ. ఎంత లావంటే, మొదటి సాలు సగం పోకుండానే నా గొంతుకు అడ్డం పడింది. మావాళ్లు కమ్మీ కాల్చి నా కంతలు పెద్దవి చేశారు. దేశవాళీకి ఎకరాకు పాతిక, ముప్పై కిలోలు చాలితే దీనికి నలభై అయిదుకు పైనే పోయాలి. ధర ఉంది కదా అని ఓర్చుకున్నా. 2013 ప్రాంతంలో ఆ ధరే కూలింది. ఒంగోలు వైపు కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు మూలిగాయి. మావాళ్లు మళ్లీ జేజీకి వచ్చారు. పెరిగిన కంతలు తగ్గుతాయా? గింజ జలజలా కారిపోయేది. అప్పటికి తానే అత్త అయిన ఆ కోడలు వేళ్లు ఇంకాస్త దగ్గర చేసి పోసేది.

ఇప్పుడు నల్లమల అవతల నంద్యాల నుంచి ఎన్‌బీఈజీ-47 వచ్చింది, ధీర అంటారు. జేజీలా నేలబారున పరుచుకోదు. నిటారుగా నిలబడి కాయలు ఎత్తున కడుతుంది, హార్వెస్టర్ కత్తికి అందేలా. వంగి పీకే కూలీలు కరువైన కాలానికి పుట్టిన పంట. దాన్ని విత్తేది ట్రాక్టరు గొర్రు.

నేను కొట్టంలో కొయ్యకు వేలాడుతున్నా. పొద్దున్నే ఆమె కోళ్లకు గింజలు చల్లడానికి వస్తుంది. పిడికిలి బిగించదు. నాలుగు అడుగులు నడుస్తూ, వేళ్ల సందున జార్చుకుంటూ పోతుంది. వెనక గింజలు సాలుగా పడి ఉంటాయి.