కట్ట మీద డాలర్ల వేట

ఉద్యోగం మానెయ్, బ్యాగు సర్దు, ఊళ్లు తిరుగు, వీడియో పెట్టు, డాలర్లు వాటంతటవే వచ్చి ఖాతాలో పడతాయి. ఈ మంత్రం ఉపదేశించే గురువులు ఇప్పుడు వీధికొకరు, నమ్మే శిష్యులు ఇంటికొకరు. గురువుగారు తాను తిరిగి ఎంత సంపాదించారో చచ్చినా చెప్పరు. తిరిగి సంపాదించడం ఎలాగో నేర్పే కోర్సు ధర మాత్రం చెబుతారు. అదీ ఈ రాత్రి పన్నెండులోపు కడితే సగానికే.

శిష్యుడు డబ్బు కట్టేసి, ఈఎంఐ మీద కెమెరా కొనేసి, చిన్న ట్రావెల్ ఛానెల్ తెరుస్తాడు. మొదటి మజిలీకి కావాల్సిన లక్షణాలు మూడు. హైదరాబాద్ నుంచి పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరేలా ఉండాలి, టికెట్ ఉండకూడదు, వెనకాల నీళ్లు కనిపించాలి. మూడూ కలిసొచ్చేది సిద్దిపేట జిల్లా తొగుట మండలంలోని మల్లన్నసాగర్. కాళేశ్వరం ప్రాజెక్టులో అన్నిటికన్నా పెద్ద జలాశయం, సామర్థ్యం 50 టీఎంసీలు, చుట్టూ 20 కిలోమీటర్లు దాటిన కట్ట. 2022 ఫిబ్రవరి 23న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించినప్పుడే దీన్ని పర్యాటక కేంద్రం చేస్తామన్నారు. సర్కారు సంగతి ఎట్లున్నా, మన ఛానెళ్లవాళ్లు ఆ బరువు అప్పుడే భుజానికెత్తుకున్నారు. "హాయ్ ఫ్రెండ్స్, మన తెలంగాణలో మినీ గోవా!" తెలుగు నేల మీద ఎక్కడ నాలుగు చుక్కలు నిలిచినా అది గోవా, లేదంటే మాల్దీవులు. సోమశిలనూ లక్నవరాన్నీ ఈపాటికే విదేశాలకు తోలేశారు. ఇక మల్లన్నదే వంతు.

సరే, లెక్క చూద్దాం. గురువుగారు దాటేసే పాఠం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మామూలు వీడియోలకు ప్రకటనల్లో వాటా రావాలంటే యూట్యూబ్ అడిగేది 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. కట్ట మీద గాలికి జుట్టెగరేసుకుంటూ మాట్లాడే మనవాణ్ని ఒక్కో మనిషి మూడు నిమిషాలు భరిస్తాడనుకున్నా 80,000 సార్లు చూడాలి. అదంతా ఉచిత సేవ, పైసా రాదు. ఆ గడప దాటాకే ప్రకటన సొమ్ములో 55 శాతం ఇతనిది. ఆ 55 కూడా వెంటనే చేతికి రాదు, ప్రకటనల సొమ్ము జమయ్యే యాడ్‌సెన్స్ ఖాతాలో 100 డాలర్లు నిండాలి. వెయ్యి వీక్షణలకు అర డాలరు చొప్పున వస్తుందనుకోండి, అప్పుడు 100 డాలర్లకు రెండు లక్షల వీక్షణలు. పోనీ డాలరే వస్తుందని ఉదారంగా వేసుకున్నా లక్ష. ఇటు బైకు మాత్రం బాకీ పెట్టనివ్వదు. రానూపోనూ దాదాపు 200 కిలోమీటర్లు, లీటరు వంద దాటిన పెట్రోలు, దారిలో చాయ్, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం పంచరు. ఖర్చు అదే రోజు, ఆదాయం ఏ ఏటికో. మా ఊళ్లో కౌలు రైతు కూడా ఇంతకన్నా మంచి ఒప్పందం మీదే నాగలి కడతాడు.

ఇక్కడ చుట్టాలు రంగంలోకి దిగుతారు. "మనవాడి ఛానెల్, అందరూ సబ్‌స్క్రైబ్ చేయండి" అని ఫ్యామిలీ గ్రూపులో మేనత్త పెట్టిన మెసేజికి నలభై దండాలు, ఆరు చూపులు. బావమరిదికి ప్రేమ ఎక్కువ, ప్రకటన కనిపించిన ప్రతిసారీ నొక్కుతాడు. కంపెనీకి అలాంటి ప్రేమంటే పడదు. దొంగ క్లిక్కులని తేలిందా, ఆదాయం కోసేస్తుంది, ముదిరితే ఖాతానే మూసేస్తుంది. బావమరిది సాయంతో ఇల్లు కట్టుకున్నవాళ్లు ఉండొచ్చు గానీ, యాడ్‌సెన్స్ ఖాతా నిలబెట్టుకున్నవాళ్లు లేరు.

సబ్‌స్క్రైబర్లు వచ్చారు, గంటలు నిండాయి, 10 డాలర్లు కూడా చేరాయి అనుకుందాం. అప్పుడు వస్తుంది అసలు ముచ్చట. ఇంత గొప్ప సాంకేతిక సామ్రాజ్యం మీ అడ్రసు నిజమో కాదో తేల్చుకోవడానికి ఏం చేస్తుందో తెలుసా? ఉత్తరం రాస్తుంది. ఆరంకెల పిన్ నంబరు వేసిన కాగితాన్ని మామూలు తపాలాలో మీ ఇంటికి పంపుతుంది. అది రావడానికి వారాలు పడుతుంది. నాలుగు నెలల్లో ఆ అంకెలు కొట్టకపోతే ప్రకటనలు ఆగిపోతాయి.

ఇప్పుడొక్కసారి ఆ కట్ట మీద వీడియో తీసుకుంటున్నది హైదరాబాద్ కుర్రాడు కాదు, వేములఘాట్ కుర్రాడనుకోండి. తన ఊరి గురించి తానే చెప్పుకుందామని మొదలుపెట్టాడు. పాత అలవాటు కొద్దీ అడ్రసు దగ్గర గ్రామం వేములఘాట్, మండలం తొగుట అని రాశాడు. ఆ ఉత్తరం ఇవ్వడానికి పోస్ట్‌మ్యాన్‌కు ఈత వచ్చుండాలి. 'మినీ గోవా' అడుగున ఉన్నది ఆ ఊరే. పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్, ఇంకొన్ని ఊళ్లు కూడా. ఊరివాళ్లు గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లిలో కట్టిన పునరావాస కాలనీకి మారారు.

వీడియోల్లో ఈ సంగతి రాదా అంటే, వస్తుంది. థంబ్‌నెయిల్ మీద ఎర్రక్షరాల్లో వస్తుంది. 'నీళ్ల కింద దెయ్యాల ఊరు??' రెండు ప్రశ్నార్థకాలు, నోరు తెరిచిన మొహం ఒకటి, నీళ్లలోకి చూపించే బాణం గుర్తు ఒకటి. లోపలికెళితే ఊరి గురించి అరనిమిషం, డ్రోన్ గురించి ఆరు నిమిషాలు.

ఎందుకిట్లా అంటే శిష్యుణ్ని తిట్టి లాభం లేదు. అతని వీడియో పక్కన ఒక బుల్లి డాలరు గుర్తు ఉంటుంది. ఆకుపచ్చగా ఉంటే ప్రకటనలు మామూలుగా వస్తాయి. పసుపు రంగులోకి తిరిగిందా, అరకొరగా వస్తాయి, లేదా అసలు రావు. హింస, ఆత్మహత్య, విషాదం, వివాదం లాంటివి ప్రకటనదారులకు నచ్చని సరుకు, వాటికి పసుపు పడొచ్చు. సబ్బులమ్మేవాడికి పక్కన చావు వాసన రాకూడదు కదా. సూర్యాస్తమయానికి ఎన్నడూ పసుపు పడదు. జలకళకు పడదు. మిరపకాయ బజ్జీకి అస్సలు పడదు.

మరి వేములఘాట్‌లో ఆకుపచ్చ రంగుకు తూగే కథ ఏముంది? ఎకరాల లెక్కన రైతుల నుంచి నేరుగా భూమి కొనేందుకు 2015 జూలైలో తెచ్చిన జీవో 123 ఉంది. మాకు 2013 భూసేకరణ చట్టమే వర్తింపజేయండని ఊరంతా 2016 జూన్‌లో మొదలుపెట్టిన రిలే నిరాహార దీక్ష ఉంది. రోజుకు కొందరు చొప్పున కూర్చుంటూ 500 రోజులు దాటించారు. 2016 జూలై 24న రాజీవ్ రహదారి వైపు నడిచిన నిర్వాసితుల మీద విరిగిన లాఠీలున్నాయి. ఆగస్టులో ఆ జీవోను హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టేసిన తీర్పు ఉంది. 2021 జూన్‌లో ఊరు ఖాళీ అవుతున్న రోజుల్లో పత్రికలకెక్కిన ఒక వృద్ధ రైతు చావు ఉంది. మొదట 1.5 టీఎంసీలకు అనుకున్న చెరువు 50 టీఎంసీలకు ఎట్లా ఉబ్బిందన్న ప్రశ్న ఉంది. ఇందులో ఏ ముక్క ఎత్తుకున్నా పసుపు భయమే. అందుకే పెట్రోలు డబ్బులు రావాలనుకునే కుర్రాడు తెలివిగా నీళ్లే చూపిస్తాడు. ఊరిని ప్రభుత్వం ఒకసారి ముంచింది. రెండోసారి ముంచే పనికి నెలాఖరున డాలర్లలో కూలి ఇస్తామంటున్నారు, అదీ 100 నిండితేనే.

పోనీ వీడియో వద్దు, ఒక చిన్న సైటు పెట్టి రాసుకుంటానంటారా? యాడ్‌సెన్స్‌కు 2018 నుంచి తెలుగు కూడా వచ్చు. పేజీలో ఏ మాటలున్నాయో చదువుకుని, వాటికి తగ్గ ప్రకటన అతికిస్తుంది. వేములఘాట్ గురించి మనసు పెట్టి రాయండి. భూమి, ఇల్లు, ఎకరం, పరిహారం, గజ్వేల్ అన్న మాటలు తప్పవు. యంత్రం వాటిని శ్రద్ధగా చదివి, 'గజ్వేల్ దగ్గర ఓపెన్ ప్లాట్లు, ఈరోజే బుక్ చేసుకోండి' అని మీ వ్యాసం నడుమ అతికించినా ఆశ్చర్యపోకండి. ఇల్లు పోయినవాళ్ల కథ చదివేవాడు ఇల్లు కొనే మూడ్‌లో ఉంటాడని యంత్రం అంచనా. దాన్ని తప్పుపట్టలేం, రియల్ ఎస్టేట్‌లో మన అంచనాలు కూడా అంతకన్నా సున్నితంగా ఏమీ లేవు.

ఊళ్లు తిరిగి రాసినవాళ్లు పూర్వమూ ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ దాకా పోయి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. అక్కడి అప్పటి సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం, సొంత ఖర్చు, వెంట పెద్ద పరివారం. హైదరాబాదు మీదుగానే వెళ్లాడు. దారిలో ఊరెట్లా ఉంది, నీళ్లెక్కడ దొరుకుతాయి, సుంకం ఎవరు గుంజుతున్నారు, జనం ఎట్లా బతుకుతున్నారు, అన్నీ రాశాడు. 1838లో పుస్తకమైంది. ఆయన రాతకు పసుపు పడుతుందన్న భయం లేదు, అందుకే అందులో సుంకాలవాళ్ల ఆగడాలు కూడా ఉన్నాయి. గురువుగారి కోర్సులో ఈయన పేరుండదు. పదిహేను నెలలు తిరిగి ఒక్క డాలరూ తేనివాడు గురువుగారి దృష్టిలో ఫెయిల్డ్ క్రియేటర్.

యాత్రలు చేసి రాసేవాళ్లు బతకొద్దని నేననను. జీతమో పంటో వ్యాపారమో ఉండి, సరదాకు తిరిగి, సరదాకు చూపించేవాళ్లతో ఎవరికీ పేచీ లేదు. నిజంగా సంపాదించే పెద్ద ఛానెళ్లూ ఉన్నాయి. వాళ్ల డబ్బులో హోటళ్లు, టూర్ ప్యాకేజీలు, బ్యాగుల కంపెనీలు నేరుగా ఇచ్చేదానికీ పెద్ద వాటా ఉంటుంది. మూడొందల మంది చూసే ఛానెల్‌కు ప్రకటనలు అన్నం పెడతాయన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఆ అబద్ధం మీద నికరంగా బతుకుతున్నది దాన్ని కోర్సుగా అమ్మేవాడొక్కడే.

అయినా వెళతానంటే వెళ్లండి, కట్ట ఎవరి సొత్తూ కాదు. తిరిగొచ్చేటప్పుడు గజ్వేల్‌లో ఆగి ముట్రాజ్‌పల్లి కాలనీలో కెమెరా తెరవండి. వేములఘాట్ ఎక్కడుండేదో, ఎవరి పొలం ఏ వైపో చెప్పేవాళ్లు అక్కడున్నారు. వాళ్లను మధ్యలో ఆపకుండా మాట్లాడనివ్వండి. ఆ వీడియోకు ప్రకటనలు రాకపోవచ్చు. గోవా వీడియోకు మాత్రం ఏం వచ్చాయి గనక?