యానాంలో పెళ్లి, న్యూయార్క్‌లో సినిమా

1929లో బ్రిటిష్ సర్కారు శారదా చట్టం తెచ్చి, బాల్యవివాహం చేస్తే శిక్ష తప్పదంది. గోదావరి జిల్లాల పెద్దమనుషులు ఏమాత్రం కంగారు పడలేదు. పక్కనే యానాం ఉంది. అక్కడ జెండా ఫ్రాన్సుది, చట్టమూ ఫ్రాన్సుదే. పిల్లనీ పిల్లాణ్నీ బండెక్కించి, పురోహితుణ్నీ సన్నాయి మేళాన్నీ వెంటబెట్టుకుని హద్దు దాటేవారు. మూడుముళ్లూ వేయించి దర్జాగా ఇంటికొచ్చేవారు. పిల్ల వయసెంతో ఎవరికీ పట్టలేదు. యానాంలో జరిగిందంటే చాలు, జరిగిపోయినట్టే.

ఫ్రెంచివాళ్లు 1954లో వెళ్లిపోయారు. మన అలవాటు మాత్రం పోలేదు, పెళ్లిళ్ల నుంచి సినిమాలకు మారింది. తెలుగువాళ్లతో, తెలుగులో, తక్కువ డబ్బుతో తీసిన సినిమా తెలుగు ఊళ్లో ఆడాలంటే ముందు హద్దు దాటి ఎక్కడో ఒకచోట తాళి కట్టించుకుని రావాలి. న్యూయార్క్ అయితే శ్రేష్ఠం, బెర్లిన్ అయితే మరీ మంచిది, ఏదీ కుదరకపోతే గోవా. సినిమా ఎలా ఉందన్నది ఎవరికీ అక్కర్లేదు. ఎక్కడ సెలెక్టయిందన్నదే ప్రశ్న.

‘కేరాఫ్ కంచరపాలెం’ సంగతే చూడండి. వెంకటేష్ మహా దాన్ని విశాఖలో ఆ పేటలోనే తీశాడు. ఆ పేట మనుషులే వేషాలు కట్టారు. యాభై దగ్గరపడుతున్నా పెళ్లికాని అటెండరు రాజు అందులో కథానాయకుడు. మన పరిశ్రమ లెక్కలో ఇవన్నీ నేరాలే. హీరోకి వారసత్వం లేదు, ఎంట్రీ సాంగు లేదు, గాల్లోకి లేచే సుమోలు లేవు. డబ్బు పెట్టింది అమెరికాలో గుండె డాక్టరుగా పనిచేసే ప్రవీణ పరుచూరి. ఇన్ని స్టూడియోలూ ఇందరు నిర్మాతలూ ఉన్న చోట ఆ పని గుండె డాక్టరు మీద పడింది. జబ్బు ఎక్కడుందో ఆవిడకి తెలిసే ఉంటుంది.

2018లో ఆ సినిమా న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎంపికైంది. అక్కడికి వెళ్లిన తొలి తెలుగు సినిమా అదేనన్నారు. ఆ తర్వాత రానా దగ్గుబాటి పేరు తోడయింది. సెప్టెంబర్ 7న విడుదలైతే జనం చూశారు, నవ్వారు, ఏడ్చారు, పక్కింటివాళ్లని పంపించారు. నిన్నటిదాకా ‘మన జనం ఇలాంటివి చూడరండీ’ అన్నవాళ్లే మర్నాడు ‘నేను ముందే అనుకున్నానండీ’ అన్నారు. జనం మారలేదు, తలుపు తెరిచారంతే. తెరవడానికి ఒక విదేశీ ముద్రా ఒక పెద్దింటి పేరూ కావలసి వచ్చాయి. ఈ రెండూ దొరకని సినిమాలు తలుపు బయటే ముసలివైపోతాయి.

ఆ తలుపు దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. యానాం కుర్రాడొకడు సినిమా తీశాడనుకోండి. హార్డ్ డిస్క్ చంకన పెట్టుకుని హాలు యజమాని గదిలోకి వెళ్తాడు. ఆయన మర్యాదస్తుడు, గోదావరి మనిషి. కాఫీ తెప్పిస్తాడు.

“ఆయ్, కూర్చోండి. మీది అవార్డు సినిమా అంటగదండీ. మన యానాం పేరు నిలబెట్టారండి.”

“ఫస్ట్ షో ఇప్పిస్తారా అండీ?”

“అయ్యో, అవార్డు సినిమా కదండీ, ఫస్ట్ షోకి ఎవరొస్తారండీ? పొద్దున్న ఆట వేసుకోండి.”

“పొద్దున్న అందరూ పనుల్లో ఉంటారు కదండీ?”

“అదేనండీ నేను చెప్పేదీనీ. ఎవరూ రారండి.”

పొద్దున్న ఆటకి పదకొండుమంది వస్తారు. అందులో నలుగురు దర్శకుడి చుట్టాలు. సాయంత్రానికల్లా ‘జనం చూడలేదు’ అని తీర్పు వచ్చేస్తుంది. మర్నాటి నుంచి నాలుగాటలూ పెద్ద హీరోగారి సినిమాకే. దానికీ జనం రారు, కానీ దాన్ని ఎవరూ జనం చూడని సినిమా అనరు, టాక్ కొంచెం డివైడ్‌గా ఉందంటారు.

ఖర్చు సంగతి మరీ చిత్రం. తెరకింత అని డిజిటల్ కంపెనీలకి కట్టాల్సిన రుసుము, మూడొందల కోట్ల సినిమా వచ్చిందని పెరగదు, ముప్ఫై లక్షల సినిమా వచ్చిందని తగ్గదు. ఈ రుసుముల మీద గొడవతోనే 2018 మార్చిలో తెలుగు హాళ్లన్నీ మూతపడ్డాయి. పెద్దలకే మోయలేని బరువైంది. చిన్నవాడి సంగతి అడిగిన నాథుడు లేడు.

పోనీ ప్రభుత్వాలు ఆదుకుంటాయా? మన యానాం కుర్రాడి జాతకం ఇక్కడే వికటిస్తుంది. వాడి ప్రభుత్వం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల పుదుచ్చేరిలో ఉంది. అది అలయన్స్ ఫ్రాన్సేజ్‌తో కలిసి సినిమా ఉత్సవం జరుపుతుంది, శంకరదాస్ స్వామిగళ్ పేరిట అవార్డు కూడా ఇస్తుంది. ఉత్తమ తమిళ చిత్రానికి. వీడేమో తెలుగువాడు. ఆంధ్ర వైపు చూస్తే అక్కడి నంది 2016 సినిమాల దాకా మేసి పడుకుంది. తెలంగాణలో 2025లో గద్దర్ పేరుతో అవార్డులు మొదలుపెట్టారు. పాటనే ఆస్తిగా బతికిన ప్రజాగాయకుడి పేరు చూసి చిన్న సినిమావాళ్లు ఆశపడ్డారు. 2024కి ఉత్తమ చిత్రం ‘కల్కి 2898 ఏడీ’. ఢిల్లీ అయినా కరుణిస్తుందేమో అనుకుంటే, 2023కి అక్కడ ఉత్తమ తెలుగు చిత్రం ‘భగవంత్ కేసరి’. బాలకృష్ణగారికి ఆదరణ కరువై మూలనపడిపోతారేమోనని కేంద్రం దిగులుపడి ఉంటుంది.

ఇక మిగిలింది విదేశం. మన ఘనత అక్కడ ఎలా పండిందో రజనేష్ దోమలపల్లి ‘వనజ’ చెబుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువు కోసం తీసిన తెలుగు సినిమా అది. జాలరి కూతురు జమీందారిణి ఇంట పనికి కుదిరి కూచిపూడి నేర్చుకునే కథ. 2007లో బెర్లిన్ ఉత్సవం దానికి ఉత్తమ తొలి చిత్రం బహుమతి ఇచ్చింది. అమెరికాలో రోజర్ ఎబర్ట్ ఆ ఏటి మేటి విదేశీ చిత్రాల్లో దాన్ని చేర్చాడు. ఆ కథ పుట్టిన కోస్తాలో ‘వనజ’ ఎంతమంది చూశారని అడిగితే, ‘వనజా? శారదగారి చెల్లెలా?’ అంటారు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1977లో వచ్చిన ‘ఒక ఊరి కథ’ని విదేశీ ఉత్సవాల్లో మెచ్చుకున్నారు. దర్శకుడు మృణాల్ సేన్ బెంగాలీ, కథ ప్రేమ్‌చంద్‌ది, ప్రధాన నటుడు వాసుదేవరావు కన్నడం మనిషి. అందులో నూటికి నూరుపాళ్లు మనది ఆకలి ఒక్కటే. రెండేళ్లకు గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ తీస్తే హైదరాబాద్‌లో పొద్దున్న ఆటగానే నెలల తరబడి ఆడింది. ‘జనం చూడరు’ అన్న సామెత అప్పటికింకా పుట్టలేదు కాబోలు.

ముద్రకి ఇంత విలువ ఉన్నచోట ముద్రల దుకాణాలు వెలవకుండా ఉంటాయా? వెలిశాయి. ఇంటర్నెట్‌లో నెలనెలా జరిగే ‘అంతర్జాతీయ’ ఉత్సవాలు బోలెడు. హాలుండదు, ప్రేక్షకుడుండడు, ప్రవేశ రుసుము మాత్రం డాలర్లలో ఉంటుంది. కడితే పోస్టరు మీద వేసుకోవడానికి రెండు ఆకుకొమ్మలు పంపుతారు. కాన్ వెళ్లాలనుందా? అక్కడ ఉత్సవం పక్కనే సినిమా బజారు నడుస్తుంది, డబ్బు కడితే తెర అద్దెకిస్తారు. ఎంపికా అక్కర్లేదు, పోటీ అసలే లేదు. తిరిగొచ్చాక ‘కాన్‌లో ప్రదర్శించిన చిత్రం’ అని ఫ్లెక్సీ కట్టుకోవచ్చు. అబద్ధమూ కాదు, అక్కడ నిజంగానే ప్రదర్శించారు. ఒకప్పుడు ఫ్రెంచి ముద్ర కోసం యానాం వస్తే సరిపోయేది. ఇప్పుడు యానాం వాడే దానికోసం ఫ్రాన్సు పోవాల్సి వచ్చింది.

అలాగని సినిమా తీసే కుర్రాళ్లని ఊరికే వదలను. ముద్ర కోసం సినిమా తీయడం వీళ్లూ నేర్చేశారు. జ్యూరీకి పేదరికం పచ్చిగా కావాలని ఎవరో చెప్పారు. అంతే, యానాంలో కెమెరా పెట్టినవాడు వంద మీటర్ల టవర్ని ఫ్రేములోకి రానివ్వడు, వస్తే పేదరికం నమ్మబుద్ధి కాదట. కోరింగ మడ అడవి కావాలి, ఖాళీ పడవ కావాలి, ముసలమ్మ ముఖం మీద ముడతలు కావాలి. పడవ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరేదాకా మాటుండదు. యెదుర్లంక దగ్గర బాలయోగి వారధి కట్టి ఇరవయ్యేళ్లు దాటింది. ఊరంతా బైకుల మీద దాటుతుంటే సినిమాలో హీరో ఒక్కడే ఇంకా తెడ్డు వేస్తున్నాడు. ‘కంచరపాలెం’ వాళ్లు ఈ పని చేయలేదు. తమ పేటని తమ పేటకి చెప్పినట్టు చెప్పారు, అందుకే న్యూయార్క్‌కీ అర్థమైంది.

ఇంతకీ నేను అడిగేది సబ్సిడీ కాదు, సన్మానమూ కాదు. శాలువాలు వద్దు, వాటితో తెర కుట్టలేం. చిన్న సినిమాకి వారం రోజులు ఫస్ట్ షో ఇవ్వండి. యానాంలో ఇవ్వండి, కాకినాడలో ఇవ్వండి, అమలాపురంలో ఇవ్వండి. రిక్షా అతనూ రొయ్యల చెరువు కాపలాదారూ టికెట్టు కొని చూస్తారు. నచ్చకపోతే ఇంటర్వెల్‌లో లేచిపోతారు, దర్శకుణ్ని నాలుగు బూతులు తిడతారు. తిట్టనివ్వండి. పెద్ద హీరోలకి ఏటా రెండేసిసార్లు దక్కుతున్న ఆ భాగ్యం వీడికీ ఒక్కసారి దక్కాలి. నాలుగాటల మీద ఫ్లాపయ్యే హక్కు కూడా వారసులకే రాసిచ్చారా?